పాత గనుల ఎక్కుడు

బ్రేకు రబ్బర్లలో వేలిగోరంత మందం కూడా మిగల్లేదు.

మోరగ్ షెడ్డులో మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ తడిమి చూసింది. పోయిన నెలే తన చేత్తో వేసిన కొత్త రబ్బర్లు అవి.

ఒంటిచక్రం బండికి బ్రేకుతో పెద్దగా పనుండదు. చక్రం తిరిగినంతసేపూ తొక్కేవాడి కాళ్ళూ తిరగాల్సిందే. చదును దారిలో ఆ కాళ్ళతోనే వేగం తగ్గించుకుంటారు. బ్రేకు నొక్కేది దిగుళ్ళలో మాత్రమే.

దిగాలంటే ముందు ఎక్కాలి కదా.

ఆమె మొగుడు డూగల్ రోజూ పొద్దున్నే ఈ బండి మీద వెళ్ళేది పట్టాలు తీసేసిన పాత రైలు కట్ట మీదికి. అతను చెప్పిన మాట అదీ. వాళ్ళ ఊరు రాన్‌ఫర్లీ నుంచి అటు చూసినా ఇటు చూసినా అరచేతిలా పరుచుకున్న దారి.

చలికాలంలో అతని గుండెకి ఆపరేషనైంది. నడవచ్చు, చదునులో తొక్కచ్చు, ఎక్కుళ్ళు మాత్రం తొక్కడానికి వీల్లేదని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. కొండ వచ్చినచోటల్లా బుద్ధిగా వెనక వచ్చే వ్యాన్ ఎక్కుతానని మాటిస్తేనే ఒంటిచక్రాల బృందంతో దక్షిణ దీవి యాత్రకి మోరగ్ ఒప్పుకుంది.

ఒక్క ఎక్కుడు తొక్కినట్టు తెలిసినా రంగికి ఫోన్ చేస్తానంది. ఆ బృందాన్ని నడిపించేది రంగే. అతను పేరు కొట్టేస్తే అంతే సంగతులు.

"బ్రేకులెలా ఉన్నాయి?" మర్నాడు టోస్టుకి వెన్న రాస్తూ అడిగింది.

"నేనెక్కడ వాడుతున్నాను బ్రేకులు?"

ఎలా ఉన్నాయంటే వాడట్లేదంటాడేం? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే అనుకుంది.

రోజూ టపా తెచ్చే ఆవిడ, విని, పదింటికి వచ్చి గేటు దగ్గరే ఆగింది.

"మీ ఆయన బంగారం తవ్వుతున్నాడా ఏంటి మోరగ్? నేస్బీ ఊరి అవతల పాత గనుల ఎక్కుడు దగ్గర కనబడ్డాడు."

"తొక్కుతున్నాడా?"

"చక్రం పక్కన చతికిలబడి ఉన్నాడు. గాలి దిగిందట. మొన్న కూడా అదే మాట. ఆ సర్కస్ బండి అమ్మేసి రెండు చక్రాలది కొనుక్కోమను."

మోరగ్ నవ్వలేదు. ఇంట్లో ఈ నెలంతా ఒక్క పంక్చరూ అతికింది లేదు.

తొక్కుతున్నాడు, సందేహం లేదు. దిగి నడిచే రకం కాదు డూగల్. ఎక్కుడులో ఎవరైనా దిగి చక్రం తోసుకెళ్తే, "ఏం, కుక్కని షికారుకి తీసుకెళ్తున్నావా?" అని బృందంలో అందరికంటే ముందు ఏడిపించేది అతనే.

మర్నాడు అతను వెళ్ళిన కాసేపటికి కారు తీసింది. గనుల ఎక్కుడు పక్కన పైన్ చెట్ల చాటున ఆపి, రంగి నంబరు తెరిచి పెట్టుకుని కూర్చుంది. అనాల్సిన మాటలన్నీ దారిలోనే కూడబలుక్కుంది. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఇంత కోపం ఆమెకి ఎప్పుడూ రాలేదు.

మలుపులో మొదట కనబడింది చక్రం. నడుమెత్తు చక్రం.

పక్కన డూగల్. నడుస్తున్నాడు.

వీపున బరువు సంచి, ఒక చేయి సీటు మీద. నాలుగు కంచె గుంజలు దాటడం, ఆగడం. మళ్ళీ నాలుగు.

కింద ఎక్కడో ట్రక్కు శబ్దం. అది ఇంకా మలుపు తిరగకముందే డూగల్ చక్రం పక్కన కూలబడి టైరు నొక్కి చూడటం మొదలుపెట్టాడు. వెనక గొర్రెల కుక్కలతో ట్రక్కు నెమ్మదించింది.

"సాయం కావాలా అన్నా?"

"గాలి దిగింది, అంతే. మీరెళ్ళండి."

ట్రక్కు కనుమరుగయ్యేదాకా ఉండి లేచాడు. మళ్ళీ నడిచాడు.

తొక్కుతూ ఉంటే బాగుండేదని మోరగ్‌కి ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఫోన్ పక్కన పడేసింది.

ఎక్కుడు చివరికి చేరాక కంచె గుంజ పట్టుకుని అతను చక్రమెక్కి వెనక్కి తిరిగాడు. దిగుడంతా బ్రేకు కీచుమంటూనే ఉంది. పైన్ చెట్లు దాటి పోతున్నప్పుడు ఈల వేస్తున్నాడు. ఆమె స్టీరింగు కిందికి తల వంచుకుంది.

"ఎలా ఉంది ఇవాళ?" రాత్రి గొర్రెమాంసం పులుసు వడ్డిస్తూ అడిగింది.

"చదును. కళ్ళు మూసుకుని తొక్కచ్చు."

"అలాగా."

యాత్ర ముందు రోజు డూగల్ సామాను సర్దుకుంటున్నాడు. వ్యాన్ వెంట వచ్చినా ఎవరి సామాను వాళ్ళు వీపు మీదే మొయ్యాలని బృందం పట్టు. పళ్ళు తోముకునే బ్రష్షు పిడిని రంపంతో కోసేశాడు. చొక్కాల మెడ పట్టీలు కూడా కత్తిరించాడు.

మోరగ్ వచ్చి అతని నడక బూట్లు సంచిలో పెట్టింది.

"ఏంటివి?"

"బూట్లు."

"కళ్ళున్నాయి నాకు. ఎందుకని?"

"సాయంత్రాలు ఊరికే తిరగడానికి. ఆ తొక్కే చెప్పులతో ఎంతసేపని తిరుగుతావు?"

డూగల్ ఆమె మొహంలోకి చూశాడు. ఇంతకాలం ఆమె అతన్ని చూసిన అనుమానపు చూపే.

"టపా తెచ్చే విని గానీ ఏమన్నా వాగిందా?"

"ఏం వాగాలి?"

ఆమె సాక్సులు మడత పెడుతూ తలెత్తలేదు. కొండల దగ్గర వ్యాన్ సంగతి ఈసారి ఆమె ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

డూగల్ బూట్లు బయటికి తీశాడు. ఒకటి చేతిలో బరువు చూశాడు.

తరవాత రెండిటినీ సంచి అడుక్కి తోసి, పైన చొక్కాలు కప్పాడు.