నాలుగో అంతస్తు స్విచ్

ఇరవై మూడోసారి కూడా నాలుగో అంతస్తు ఎర్రబడింది.

ఆమె కుర్చీలో వెనక్కి వాలలేదు. కాగితం మీద మరో గీత గీసి, అంతా మళ్లీ మొదటికి తెచ్చే మీట నొక్కింది. తెర మీద పద్నాలుగు స్విచ్‌లూ ఏమీ ఎరగనట్టు పచ్చగా వెలిగాయి.

అవి కంప్యూటర్లను కలిపే నిజం నెట్‌వర్క్ స్విచ్‌లు కావు. పెట్టె లేదు, తీగ లేదు, అన్నీ సాఫ్ట్‌వేర్ కట్టిన వేషాలు. కొత్తగా చేరినవాళ్లు చెడగొట్టి నేర్చుకోవడానికని ఆఫీసులో పెట్టిన ప్రాక్టీస్ ల్యాబ్ అది. తమ కంపెనీ చూసే ఆసుపత్రి నెట్‌వర్క్‌ను ఆమె అందులో పొల్లు పోకుండా దింపింది.

పని చూస్తే చిన్నదే. పాత స్విచ్ దారి మూసి, కొత్తదాని మీదుగా దారి తెరవాలి. రెండు దారులూ ఒక్క క్షణం కలిసి తెరుచుకున్నాయా, ఇక అంతే సంగతులు. సమాచారం గానుగెద్దులా చుట్టూ తిరుగుతుంది, నెట్‌వర్క్ మొత్తం కొయ్యబారిపోతుంది. అప్పుడు ఐసీయూలో మానిటర్ ఎంత మొత్తుకున్నా నర్సుల గదికి వినపడదు.

నాలుగో అంతస్తు ఐసీయూలో ఏడో మంచం ఆమె తల్లిది.

సీనియర్ ఇంజనీరు టీ తెచ్చి పక్కన పెట్టారు. నలభై ఆరేళ్లకే జుట్టు ముగ్గుబుట్టయిపోవడంతో ఆఫీసంతా ఆయన్ని తాతగారనే పిలుస్తుంది.

"సెలవులో ఉన్న మనిషివి, నీకిక్కడేం పనమ్మా? మీ అన్నయ్య రెండుసార్లు ఫోన్ చేశాడు."

"ఇంకొక్కసారి, తాతగారూ."

"పొద్దుట్నించీ ఇదే మాట. దీన్ని తేల్చమని నిన్నెవరూ అడగలేదు కదా."

"నాకు తెలియాలి. ఎలా చేసినా ఇలాగే అవుతుందా, వేరే దారేమైనా ఉందా."

ఆయన పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఇరవై నాలుగోసారీ ఎర్రబడింది. ఇరవై ఐదోసారీ అంతే. విచిత్రమేమిటంటే, ఎర్రబడిన ప్రతిసారీ ఆమె ముఖం కాస్త తేటపడుతోంది. ఆ తేట తాతగారికేమీ నచ్చలేదు.

ఇరవై ఆరోసారి ఆమె చెయ్యి ఎందుకో ఆగింది. నాలుగో అంతస్తులో ఉన్నది మరీ పాతకాలం స్విచ్. మిగతావి హెచ్చరించినా వినిపించుకోని మొండిఘటం. ముందు దాని పాత దారి నోరు కట్టేస్తే?

ఒక్క లైను కమాండ్ కొట్టింది. ఆ తర్వాతే కొత్త దారి తెరిచింది.

నిమిషం గడిచింది. ఐదు నిమిషాలు గడిచాయి. నాలుగో అంతస్తు పచ్చగానే ఉంది. పది నిమిషాలైనా ఏడో మంచం మానిటర్ నర్సుల గదితో మాట్లాడుతూనే ఉంది.

"ఒక్క లైను," అంది ఆమె. "ముందు ఈ ఒక్క లైను కొడితే చాలు, తాతగారూ."

"చాలు తల్లీ, ఇక కట్టెయ్."

ఆమె కట్టెయ్యలేదు. ఆ పచ్చటి తెరను కాసేపు చూసి, చేతుల్లో ముఖం దాచుకుని భోరుమంది. తాతగారు చల్లారిపోయిన టీ కప్పు తీసి అవతల పెట్టారు.

ఆసుపత్రిలో అసలు స్విచ్‌ను ఆమె పోయిన మంగళవారమే ఆ లైను కొట్టకుండా మార్చింది, తల్లి అంత్యక్రియలు బుధవారం జరిగాయి.