జడల క్యూ

"అసూయా? నాకా? ఆ మాటకి అర్థమే తెలీదు నాకు!" అని క్యాంపులో అమ్మాయిలందరి ముందూ ప్రకటించింది లాయరు. ప్రకటించిన మూడో నిమిషానికి ఆమె కళ్ళలోంచి వచ్చిన సెగకి, వరండా గోడ మీద ఆరేసిన ఇరవై తువ్వాళ్ళూ పెళపెళా ఆరిపోయాయి.

కారణం కుళాయి. ఏడేళ్ళ పిల్ల. వేసవి క్యాంపుకి బస్సు దిగిన దగ్గర్నుంచీ ఏడుపు కట్టెయ్యలేదు కాబట్టి ఆ పేరు. లాయరుకి పదేళ్ళు. చేతిలో సబ్బు జారిపడితే, తప్పు సబ్బుదా నేలదా అని అరగంట వాదించగలదు కాబట్టి ఆమెకా పేరు.

ఆటల్లో జుట్టు కళ్ళలో పడకూడదని క్యాంపులో అందరికీ రెండు జడలు. పొద్దున్నే మిస్ వరండా మెట్ల మీద దువ్వెనతో కూర్చునేది. ఇరవై తలకాయలు, ఒక్క మిస్, ఒక్క గంట. తలకి రెండు నిమిషాల పైమాటే. కుళాయి తలకి మాత్రం ఇరవై! ఆ చిక్కుల్లో దువ్వెన పోతే వెతకడానికి పోలీసులు రావాల్సిందే.

క్యూలో అందరికన్నా చివర లాయరు. ఎందుకంటే మిస్ ఆమెకి సొంత అమ్మ. "నిన్ను ముందు కూర్చోబెట్టుకుంటే పక్షపాతం అంటారు. ఇక్కడున్నన్నాళ్ళూ నేను మిస్‌నే, అమ్మని కాదు," అని ఇంట్లోనే ఒప్పందం. తీరా లాయరు వంతు వచ్చేసరికి ఆటల గంట మోగేది. అందరికీ రెండు జడలు, కన్నకూతురికి ఒక రబ్బరు బ్యాండు.

ఇవాళ కూడా మిస్ కుళాయిని మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని ఒక్కో చిక్కూ విడదీస్తోంది.

"నొప్పి పుడుతోందా బంగారం?"

బంగారం! ఆ మాట పుట్టినప్పట్నుంచీ లాయరు సొంత ఆస్తి. క్యూ దాటుకుని వచ్చేసింది.

"మిస్! అదంతా నాటకం! అవి వాటంతటవే పడ్డ చిక్కులు కావు. నీళ్ళ ట్యాంకు వెనక నిలబడి, రెండు చేతులతో జుట్టు రుద్దుకుని మరీ పెట్టుకుంటుంది. నిన్న సాయంత్రం నా కళ్ళారా చూశాను!"

వరండా అంతా గుసగుసలు. కుళాయి ఏడుపు టక్కున ఆగింది. క్యాంపు మొదలయ్యాక అదే మొదటిసారి.

"నిజమేనా?" అంది మిస్.

కుళాయి తల దించుకుంది. "ఊఁ."

"చూశారా!" లాయరు నడుం మీద చేతులు వేసుకుంది. "దీన్ని క్యూలో చివరికి పంపించాలి. నన్ను దీని చోట్లో నిలబెట్టాలి. న్యాయం న్యాయమే కదా మిస్!"

"అలాగే. ముందిది చెప్పు. నువ్వు ట్యాంకు వెనక్కి ఎందుకెళ్ళావు?"

"నేనా? పళ్ళెం కడుక్కోవడానికి."

"పళ్ళేలు కడిగేది వంటింటి పక్కన కదే."

"అక్కడ... అక్కడ చాలా రద్దీగా ఉంది మిస్."

"సాయంత్రం పూట పళ్ళెంలో ఏం తిన్నావు?"

లాయరు వంగి, ఊడని చెప్పు పట్టీని సరిచేసుకోవడం మొదలుపెట్టింది. క్యూలో ఎవరో కిసుక్కుమన్నారు.

మిస్ కుళాయి గడ్డం పట్టుకుని తల పైకెత్తింది. "భయపడకు. తిట్టనులే. ఇలా చిక్కులు పెట్టుకోవడం నీకు ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు మిస్," కుళాయి వేలు మెల్లగా లేచి లాయరు వైపు తిరిగింది. "అక్క రోజూ అక్కడ పెట్టుకుంటుంటే చూసి నేర్చుకున్నా."

మిస్ లాయరుని దగ్గరికి లాక్కుని, రబ్బరు బ్యాండు తీసి, జుట్టులో దువ్వెన పెట్టింది. దువ్వెన లోపలికైతే వెళ్ళింది. బయటికి రాలేదు.

"నిజమే మిస్," అంది లాయరు. ఆ తర్వాత ఒప్పందం కాస్తా మర్చిపోయింది. "మొదటి రోజు నుంచీ నేనూ పెట్టుకుంటూనే ఉన్నానమ్మా. దాని చిక్కులకి నువ్వు ఇరవై నిమిషాలు కూర్చుంటావు. నా చిక్కులు నీ దాకా వచ్చేసరికి గంట కొట్టేస్తున్నారు!"