డాక్టరు ఒప్పుకున్న తప్పు

"కేసు పెడితే గెలుస్తాం అక్కా," అంది లాయరు మీరిమ్ తన ఆఫీసులో. "ఆ డాక్టరు కడుపులో పుండని ఏడాదంతా మందులిచ్చాడు. ఆయన లైసెన్సు పోవడం ఖాయం."

"కేసొద్దు. నేను బతికుండగానే, మా అన్న ముందు, తప్పు నాదని ఆయన ఒక్క మాట అంటే చాలు," అంది బురుల్చా.

ఆమె కళ్లు పచ్చబడ్డాయి. మనిషి సగమైపోయింది. మా నరీన్ ఊళ్లో ఆ జబ్బు పేరు రోగి ముందు ఎవరూ ఎత్తరు, అదో పాడు అలవాటు. బురుల్చాయే ఎత్తింది.

"క్లోమానికి క్యాన్సరమ్మా. పేరు దాచితే అది పారిపోతుందా?"

పక్కనే ఉన్న భర్త సాగిన్ తల దించుకున్నాడు. "పోనీలే బురుల్చా. పెద్దాయన."

"మీరు మాట్లాడకండి."

అన్న కదిర్‌కుల్ ఊరుకోలేదు. "పెళ్లాం కళ్లముందే కరిగిపోతుంటే గాడిదలు కాశావా బావా? ఇందులో నీ తప్పుందని తేలిందో, నా మేనకోడలు ఇక నీ ఇంట్లో ఉండదు. మా ఇంటికి తీసుకుపోతా."

బురుల్చా తలుపు వైపు చూసింది. కూతురికి ఎనిమిదేళ్లు. నాన్న పక్కన లేకపోతే నిద్రపోదు.

అంతలో డాక్టర్ ఇసాబెక్ వచ్చాడు. తెల్లటి ఉన్ని టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మా దగ్గర అంత వయసు మనిషి నలుగురిలో టోపీ తీయడం చిన్న సంగతి కాదు.

"నాకు తెలియలేదు. పుండే అనుకున్నాను. మొదట్లో పట్టుకుని ఉంటే ఆపరేషన్‌కి వీలుండేది. తప్పు నాది."

"నీ చదువు మంటగలవ," అన్నాడు కదిర్‌కుల్. తర్వాత సాగిన్ భుజం మీద చెయ్యి వేశాడు. "నిన్ను అనుమానించాను బావా. పిల్ల నీ దగ్గరే ఉంటుంది."

సాగిన్ గోడవైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చాడు. చూడలేక మీరిమ్ టీ పోయడానికి లేచింది. బావను పట్టుకుని కదిర్‌కుల్ కారు దగ్గరికి నడిపించాడు.

బురుల్చా మెట్లు దిగలేకపోయింది. డాక్టరే చెయ్యి అందించాడు.

"ఇక నిశ్చింతగా పోతాను," అంది.

ముసలాయన గొంతు తగ్గించి అన్నాడు: "నువ్వు చెప్పమన్నట్టే చెప్పానమ్మా. మొదటి రోజే నేను జబ్బు పేరు చెబితే, నీకు మాత్రం చెప్పొద్దని, పుండని నమ్మించమని నా కాళ్లు పట్టుకున్నది మీ ఆయనేనని మీ అన్నకు ఇక ఎప్పటికీ తెలియదు."