పై మేకు

రియాద్‌లో ముసలి ఇంగ్లండు సారు ఇంటి మెట్ల గోడ నిండా బ్రిటన్ ప్రధానుల పటాలే. పదవి దిగినవాళ్లకే అక్కడ చోటు. ఒకరు దిగినప్పుడల్లా వంటమనిషి షంషాద్ పటాలన్నీ ఒక్కో మెట్టు కిందికి జరిపి, పై మేకుకు కొత్తది తగిలిస్తుంది. ఎంతటి ఏలికైనా చివరికి తన దుమ్ముగుడ్డ కిందికి రావలసినవాడే అనుకుంటుంది.

ఆ రాత్రి మంచం పట్టిన సారుకు పాలు తీసుకెళ్తుంటే, పటాలన్నీ ఒక మెట్టు కిందికి జరిగి ఉన్నాయి. పై మేకుకు ఒక పటం గోడవైపు తిరిగి వేలాడుతోంది.

డాక్టరు కోసం వెళ్లిన మొగుడికి ఫోన్ చేసింది.

"ఈపొద్దు పదవి ఎవురన్నా దిగినారా?"

"ఎవురూ దిగలేదే. నువ్వే జరిపింటావు, మతిమరుపుదానా."

"నేను ముట్టనే లేదు. బిన్నా రా, ఆలస్యం చెయ్యాకు."

మెల్లగా పటం మీద చెయ్యేసింది. పై గదిలోంచి సారు గొంతు నిమ్మళంగా వినిపించింది.

"తెల్లారాక తిప్పు, షంషాద్. నేనింకా దిగలేదు."