వెనక స్ప్రింగు

“నడిపేటోళ్ల బరువెంత సార్?”

“అరవై రెండు.”

కమ్రాన్ ఫారం మీంచి తలెత్తాడు. ఎదురుగా కూర్చున్న నాగేంద్రప్రసాద్ చొక్కాకి మూడో గుండీ ఎంత కష్టపడుతోందో ఒకసారి చూశాడు.

“కిలోలల్లనే చెప్తున్నరా?”

“కిలోల్లోనే.”

“మాషా అల్లా. వెనక కూసునేటోళ్లది?”

“తొంభై ఒకటి.”

కమ్రాన్ పెన్ను పక్కన పెట్టేశాడు. నిజామాబాద్ నుంచి ఒమాన్ వచ్చి పదిహేనేళ్లుగా సీబ్‌ ఊళ్లో మోటార్‌సైకిళ్లు బాగుచేస్తున్నాడు. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో దాచేవాళ్లని చూశాడు, యాక్సిడెంటు దాచేవాళ్లని చూశాడు. సొంత బరువు తీసి పెళ్లాం మీద వేసే మొగుణ్ణి చూడటం మాత్రం ఇదే మొదటిసారి అనుకున్నాడు.

“సార్, నా దగ్గర సిగ్గుపడకుర్రి. ఇది బజార్ల దొరికే షాకబ్జర్ కాదు. యూరప్‌ల మీ బరువులు చూసి, దానికి తగ్గ స్ప్రింగు పెట్టి పంపుతరు. తప్పు రాస్తే వాపస్ తీస్కోరు. మీరు చెప్పినట్టు రాస్తే ముందటి స్ప్రింగులు మెత్తగ, వెనకది గట్టిగ వస్తయి. మేడం ఒక్కనాడు రాకపోతే, గాడిద తన్నినట్టు ఎగిరిపడతరు.”

“మా ఆవిడ రాకపోతే బండే కదలదులే. రాయి.”

“గంత ప్రేమనా?” అన్నాడు కమ్రాన్, పెన్ను మళ్లీ తీసుకుంటూ.

షెడ్డు మధ్యలో ఆ బండి స్టాండు మీద నిలబడి ఉంది. పన్నెండు వందల సీసీ, దూర ప్రయాణాలకని చేసిన స్పోర్ట్ టూరర్. పుట్టి ఇరవయ్యేళ్లు దాటింది. ముందు ఫోర్కుల్లోంచి నూనె కారుతోంది. వెనక షాకబ్జర్ ప్రాణం ఎప్పుడో పోయింది, ఎవరూ దానికా సంగతి చెప్పలేదంతే. పికప్‌లో ఎక్కించి తెచ్చారు.

“దీనికి పెట్టే ఖర్చుతో కొత్త స్కూటరొస్తది సార్.”

“ఇరవయ్యారేళ్ల కాపురంలో మా ఆవిడ పాట పాడేది ఈ బండి మీద ఉన్నప్పుడే, కమ్రాన్ భాయ్. స్కూటర్ మీద పాడుతుందని గ్యారంటీ ఇస్తావా?”

“పాట కాదేమో సార్. భయానికి దేవుణ్ణి యాది చేస్తున్నదేమో.”

ఇంట్లో ఇంతకంటే మర్యాదేం దక్కలేదు.

“బండికి కొత్త మోకాళ్లు వేయిస్తున్నారా?” అంది సీతాదేవి, బడి పిల్లల లెక్కల పేపర్లు దిద్దుతూ. “శుభం. మీ నడుం కూడా ఆ ఫారంలో రాయకపోయారా? యూరప్ నుంచి పంపేవాళ్లు.”

“అడిగాను. మోడల్ పాతదట, పార్టులు దొరకవన్నారు.”

ఆమె నవ్వలేదు. గత డిసెంబరులో రుస్తాఖ్ నుంచి వస్తుంటే ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఎగిరిపడింది. నాగేంద్రప్రసాద్ నడుం పట్టేసింది. బండి దిగలేకపోతే ఇద్దరు మనుషులు ఎత్తి దించారు. టీకొట్టు బల్ల మీద గంటసేపు వెల్లకిలా పడుకుని ఫ్యాను చూస్తూ ఉండిపోయాడు. సీతాదేవి చెంచాతో చాయ్ తాగించింది. ఆ రోజు తర్వాత ఆమె బండి ఎక్కలేదు. ఎక్కకపోవడమే కాదు, అమ్మేస్తామని ఆన్‌లైన్‌లో ప్రకటన కూడా పెట్టింది.

“ఆ ప్రకటన తీసెయ్.”

“తీయను. సోహార్ నుంచి ఒకాయన చూడటానికి వస్తానంటున్నాడు.”

“స్ప్రింగు వచ్చేదాకా ఆగమను. ఒక్కసారి ఎక్కి చూద్దాం. నడుం నొప్పెడితే ఆయనకి తాళం నేనే ఇస్తాను, హారతి కూడా పడతాను.”

“మీ నడుం కంటే బండి ఎక్కువా?”

“కాదు.”

“మరి దేనికి ఈ మొండితనం?”

నాగేంద్రప్రసాద్ దిద్దిన పేపర్లని సర్ది పెట్టాడు. ఆమె ఎర్ర పెన్నుతో ఎవరి లెక్కకో సున్నా పెట్టి, తర్వాత ఆలోచించి రెండు మార్కులు వేసింది.

“సరే. ఒక్కసారే.”

స్ప్రింగు ఆరు వారాలకి వచ్చింది. సోహార్ ఆయన శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వస్తానన్నాడు. కమ్రాన్ ఆ రోజు పొద్దున్నే కూర్చుని ఫోర్కుల్లో కొత్త స్ప్రింగులు, కొత్త నూనె వేశాడు. వెనక షాకబ్జర్ బిగించాడు. ఫారంలో ఉన్న బరువులకే, తన మనసు ఒప్పుకోకపోయినా, సెట్టింగు పెట్టాడు. నాగేంద్రప్రసాద్‌కి ఫోన్ చేశాడు.

“తాళం టేబుల్ మీదుంటది సార్. నేను నమాజ్‌కు పోతున్న. మేడంని తీస్కొని ఒక రౌండ్ కొట్టి రార్రి. మీరు అబద్ధం రాయించిర్రో లేదో స్ప్రింగే చెప్తది.”

నమాజ్ ముగించుకుని కమ్రాన్ తిరిగొచ్చేసరికి స్టాండు ఖాళీగా ఉంది. షెడ్డు ముందు నీడలో నిలబడి ఎదురుచూశాడు. తొంభై ఒక్క కిలోల మేడంని చూడాలని అతనికి ఆరు వారాలుగా కోరిక.

వీధి చివర బండి మలుపు తిరిగింది. నల్ల హెల్మెట్లు, పొడుగు చేతుల జాకెట్లు వేసుకున్న ఇద్దరు. అక్కడున్న మూడు స్పీడ్ బ్రేకర్లూ చాలా పెద్దవి, కార్లవాళ్లు కూడా తిట్టుకుంటూ దాటుతారు. బండి మొదటిది దాటింది. రెండోది దాటింది. మూడోది దాటేటప్పుడు పడవ అల మీద లేచి దిగినట్టు మెత్తగా దిగింది. ఇంజను చప్పుడులోంచి ఏదో కూనిరాగం వినిపించింది. కమ్రాన్ చెవి రిక్కించాడు. దేవుణ్ణి తలచుకుంటున్నట్టు మాత్రం లేదు.

బండి షెడ్డు ముందు ఆగింది. నాగేంద్రప్రసాద్ దిగాడు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు, నడుం మీద చెయ్యి వేసుకోలేదు.

“నడుం ఎట్లుంది సార్?”

“ఏ నడుం?” అన్నాడు హెల్మెట్ తీస్తూ. కళ్లు తడిగా ఉన్నాయి. ఎండ వల్ల అన్నాడు, ఎవరూ అడక్కపోయినా.

“సోహార్ ఆయనకి ఫోన్ చేసి రావద్దని చెప్పండి,” అని హెల్మెట్ లోపలినుంచి ఆడగొంతు వినిపించింది. “ప్రకటన నేను తీసేస్తాను.”

సీతాదేవి ముందు సీటు మీంచి దిగింది.