వెనక్కి తిప్పిన మీటరు

"...అట్లా కాదు అమ్మడూ, ముందు మామగారి మాట రాయి. తొందరేం లేదు, నేను మెల్లగానే చెబుతాలే."

పెద్దల్లుడితో మామగారన్న మాట ఇది. "ఆదివారం సాయంత్రంలోగా ఆ డీజిలు బండి నా గేటు దాటాలి. ఎంతకిచ్చినా సరే. దాటకపోతే యార్డు తాళాలు చిన్నల్లుడికి. మోసం చేశావని ఎవడైనా నా గేటు ముందు అరిచాడా, అప్పుడూ చిన్నల్లుడికే."

మామగారిది పాత కార్లు కొని అమ్మే యార్డు. రేకుల కప్పు కింద వరసగా బళ్ళు, మూలన ఒక అద్దాల గది. ఆ గదిలో కూర్చుంటే యార్డంతా కనిపిస్తుంది కాబట్టి మామగారు అక్కడినుంచి కదలరు. బేరాలన్నీ పెద్దల్లుడివి. ఎనిమిదేళ్ళుగా ఆ తాళాలగుత్తి అతని నడుముకే వేలాడుతోంది. దాన్ని తీసి తోడల్లుడి చేతిలో పెట్టాక ఇక ఆ ఇంట్లో భోజనానికి కూర్చుంటే ముద్ద దిగుతుందా?

తోడల్లుడు అప్పుడే మొదలుపెట్టేశాడు కూడా.

"అన్నయ్యా, వీటిలో గేటు తాళం ఏదో కాస్త చూపించి పెట్టు. రేపు నేను వెతుక్కోవాలి."

"వెతుక్కుందువుగాని. ముందు నీ కళ్ళజోడు వెతుక్కో, నెత్తిమీదుంది."

పైకి అలా అన్నాడుగానీ పెద్దల్లుడికి లోపల దడగానే ఉంది. నిజానికి బండిలో వంక పెట్టడానికేమీ లేదు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంటుంది. నల్లపొగ రాదు. క్లచ్ పెడల్ రబ్బరు మీద గళ్ళు కూడా అరగలేదు. ఎవరో కొత్తది వేయించి ఉంటారనుకున్నాడు. తంటా అంతా మీటరుతోనే. మూడు లక్షల నలభై రెండు వేల కిలోమీటర్లు! వచ్చినవాడల్లా తలుపు తీసి, తల లోపల పెట్టి, ఆ అంకె చూడగానే పాముని చూసినట్టు వెనక్కి లాక్కునేవాడు.

శుక్రవారం అతను మీటరు విప్పి, చేతిరుమాల్లో చుట్టి, తెలిసిన గడియారాల మెకానిక్కు దగ్గరికి పట్టుకెళ్ళాడు. మెకానిక్కు కంటికి భూతద్దం తగిలించుకుని, సూదిమొనతో అంకెల చక్రాలను ఒక్కొక్కటే వెనక్కి నెట్టాడు.

"ఎంత దగ్గర ఆపమంటావు?"

మరీ తగ్గిస్తే అనుమానం. ఏం చెప్పాలో తోచక, నోటికొచ్చింది చెప్పాడు. "ఎనభై నాలుగు వేల దగ్గర ఆపెయ్."

ఆదివారం మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. బట్టతల, ఖాకీ చొక్కా, చెవిమీద పెన్సిలు. అద్దె ట్రిప్పులు తిప్పుకోవడానికి బండి కావాలట. మిగతా వాటివైపు కన్నెత్తి చూడకుండా సూటిగా డీజిలు బండి దగ్గరికే నడిచాడు. పెద్దల్లుడికి ప్రాణం లేచొచ్చింది.

"ఒకే చేతి బండండీ. ఎనభై నాలుగు వేలే తిరిగింది. పువ్వులా చూసుకున్నారు."

ఖాకీ చొక్కాయన మీటరుకేసి చాలాసేపు చూశాడు. "ఒక చుట్టు తిప్పి చూద్దాం, ఎక్కండి" అన్నాడు.

వీధి మలుపు తిరిగాక బండి పక్కకు తీసి ఆపాడు.

"అయ్యా, ఈ బండి మీకమ్మిన ఆఫీసులో దీనికి ఆరేళ్ళు డ్రైవరుగా ఉన్నానండి. దీన్ని అమ్మేసిన రోజు లాగ్‌బుక్కులో మూడు లక్షల నలభై రెండు వేలని నా చేత్తో నేనే రాశాను."

పెద్దల్లుడు గబగబా కిటికీ అద్దం పైకెక్కించాడు. "నెమ్మదిగా అనండి బాబూ!"

"బండిలో ఉన్నది మనిద్దరమే కదండీ."

"అయినా సరే నెమ్మదిగా అనండి. మా మామగారికి చెవులు చాలా పొడుగు."

"మోసమంటే ఆయన ఊరుకోరటగా. మీ టీ కొట్టతను చెప్పాడులెండి." డ్రైవరు తాపీగా స్టీరింగు తుడిచాడు. "నేను గేటు దగ్గర అరిచే రకం కాదు. తుక్కు కింద తూస్తే ఎంతొస్తుందో అంత తీసుకోండి."

పెద్దల్లుడు ఏడవలేక నవ్వాడు. నవ్వుతూనే తలూపాడు.

యార్డులో కాగితాల మీద సంతకం పెడుతూ మామగారు కళ్ళజోడు మీదుగా చూశారు. "ఇంత తక్కువకా?"

"ఎంతకైనా సరే అన్నారు కదా మామయ్యా."

ఆయన డ్రైవరు వైపు తిరిగారు. "ఏమయ్యా, మీటరు చూసుకున్నావా? తర్వాత వచ్చి మావాడు ముంచాడంటే వినను."

"చూసుకున్నానండి. ఈ బండి అంతకు మించి ఒక్క కిలోమీటరు కూడా తిరగలేదు. మా పిల్లల మీద ఒట్టు."

తన కోసం ఎవరో పిల్లల మీద ఒట్టేసుకోవడం పెద్దల్లుడు ఎన్నడూ ఎరగడు. ఆ ఖాకీ కాళ్ళకు దణ్ణం పెడదామన్నంత పనైంది. బండి గేటు దాటింది. తాళాలగుత్తి నడుముకే ఉండిపోయింది. తోడల్లుడు వారం రోజులు పలకలేదు.

"రాశావా అమ్మడూ? ఇప్పుడిది ఫోను చేసి మీ అమ్మ వాళ్ళ నాన్నకు చదివి వినిపించు. ఆ పెద్దల్లుడు ఆయనే, డ్రైవర్ని నేనే. తర్వాత వియ్యంకులమయ్యాంగానీ, ఆ రోజు నేను దయతలిచానని ఇప్పటికీ నాకు పడక్కుర్చీ ఇచ్చి తను స్టూలు మీద కూర్చుంటాడు పాపం. ఈ ఆఖరి ముక్క మాత్రం మెల్లగా చదువు, గుండెజబ్బు మనిషి: 'మా మేనేజరు టూరని డీజిలు బిల్లులు రాసుకుని ఇంట్లో పడుకున్న ఆ ఆరేళ్ళూ నెలనెలా మీటరు ముందుకు నెట్టింది నేనే. బండి నిజంగా తిరిగింది ఎనభై ఒక్క వేలే, బావగారూ. వెనక్కి తిప్పానని మీరనుకున్నా, అప్పటికీ మూడు వేలు ఎక్కువే పెట్టించారు.'"