వాల్వులు చల్లారేలోపు

మా బావమరిది పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో స్వయంగా చేసిన హెడ్‌ఫోన్ ఆంప్లిఫైయర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "నీవి పాముచెవులు బావా, విని ఎలా ఉందో చెప్పు. కట్టేసినా ఇది వెంటనే మూగబోదు, వాల్వులు చల్లారేదాకా పాడుతుంది," అన్నాడు.

ఆయాసపడుతున్న మా ఆవిడకు మందు వేసి పక్కగదిలో పడుకోబెట్టేసరికి నా నడుము విరిగినంత పనైంది.

"మీ తమ్ముడి పెట్టె కాసేపు విననా?" అన్నాను.

"వినండి. నా పిల్లికూతలు వినీ వినీ విసిగిపోయారుగా," అని నవ్వింది.

దీపం ఆర్పి కీర్తన పెట్టాను. వాల్వులు నిప్పుకణికల్లా వెలిగాయి. గొంతు ఎవరో పక్కన కూర్చుని పాడుతున్నంత మెత్తగా, దగ్గరగా ఉంది. ఒళ్లు తేలికపడింది.

పాట అయిపోయింది. ఆ నిశ్శబ్దంలో సన్నగా పిల్లికూత వినిపించింది. ఆగి, మళ్లీ వచ్చింది. ఇన్నేళ్లుగా పక్కనే విన్న ఊపిరిని పోల్చుకోలేనా?

గోడ అవతలి నుంచి వస్తోందేమోనని హెడ్‌ఫోన్లు తీశాను. పక్కగదిలో ఏ చప్పుడూ లేదు. మళ్లీ పెట్టుకుంటే ఊపిరి ఉంది.

భయమేసి స్విచ్ కట్టేశాను. వాల్వుల్లో ఎరుపు తగ్గేకొద్దీ ఆ ఊపిరీ సన్నబడుతూ వచ్చింది. గబుక్కున మళ్లీ స్విచ్ వేశాను. గాజు ఎర్రబడింది, ఊపిరి నిండుగా తిరిగొచ్చింది.

దేవుడా, ఇది నీ దయా, పరీక్షా?

లేచి వెళ్లి ఆమెను చూడాలి. హెడ్‌ఫోన్ల తీగ గుమ్మం దాకా రాదు.